నీళ్ళు చొరని బూట్లు

పిల్లలూ! ఈ నెల ఒక పొడుపుకథతో మొదలుపెడదాం. వానకు ఎప్పుడూ మూసి ఉండాలి, చెమటకు ఎప్పుడూ తెరిచి ఉండాలి. తలుపు మాత్రం ఒక్కటే! ఏమిటది?

తెలియలేదా? నేనే చెపుతాను. ఈనాడు పెద్ద బజార్లలో "నీళ్ళు చొరని పరుగుబూట్లు" అని కొన్ని అమ్ముతున్నారు. వానలో, చలిలో రోడ్డు మీద పరుగెత్తేవారి కోసం చేసినవి. వాటి లోపల కాగితం కంటె పలచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొరే మన పొడుపుకథలోని తలుపు. మామూలు బూట్ల కంటె వీటి వెల ఎక్కువ. మీలో కొందరు అవి కావాలని అడుగుతూ ఉంటారు. కొనాలా వద్దా అని మీ అమ్మానాన్నలు తటపటాయిస్తూ ఉంటారు. ఆ తలుపు ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలుసుకుంటే ఈ తటపటాయింపు ఉండదు.

పాదం తడిస్తే ఏమవుతుంది?

"తడిస్తే తడిసింది, తుడుచుకుంటే పోలేదా?" అని మీరు అనవచ్చు. బూటు లేని కాలికి ఆ మాట నిజమే. తడి బూటులో ఇరుక్కున్న కాలి సంగతి వేరు. ఎక్కువసేపు నీటిలో నానిన చర్మం తెల్లబడి, ముడతలు పడి, మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మాన్ని మేజోడు అడుగడుగునా రుద్దుతుంది. కిలోమీటరు దూరం మెల్లగా పరుగెత్తితే సుమారు వెయ్యి అడుగులు పడతాయి. అంటే ఒక్కొక్క కాలికి ఐదువందల రాపిళ్ళు! ఇక బొబ్బలు లేవటంలో వింత ఏముంది? వరినాట్లు వేసే తల్లులను అడిగి చూడండి. రోజల్లా బురదనీటిలో నిలబడితే వేళ్ళ సందులు ఒరిసి ఎంత మంటపెడతాయో వారు చెపుతారు.

చలిదేశాలలో ఇంతకంటె పెద్ద కష్టం ఉన్నది. కదలకుండా ఉన్న గాలి కంటె నీరు సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగివేస్తుంది. మేజోటి పోగుల మధ్య చిక్కుకున్న గాలి కాలికి దుప్పటి వంటిది. అందులో నీరు చేరిందంటే ఆ దుప్పటిని ఎవరో లాగేసుకున్నట్టే. 1914 నుంచి 1918 దాకా జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు నీరు నిండిన కందకాలలో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడ్డారు. వేలమందికి పాదాలు మొద్దుబారి, వాచి, రంగు మారాయి. కొందరికి వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఈ జబ్బు రావటానికి నీరు గడ్డకట్టేటంత చలి కూడా అక్కరలేదు. చల్లని తడి చాలు. దానికి వైద్యులు చెప్పిన ముఖ్యమైన జాగ్రత్త ఏమిటో తెలుసునా? రోజూ బూట్లు విప్పి, కాళ్ళు తుడుచుకుని, పొడి మేజోళ్ళు తొడుక్కోవటం! ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు మళ్ళీ పని పడుతుంది.

వెనకటివారి ఉపాయాలు

తడిని తప్పించుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. మన పల్లెలలో తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో చెప్పులు కుట్టేవారు. వాటికి అప్పుడప్పుడు ఆముదం పట్టించేవారు. తోలులోని సందులలో నూనె చేరితే నీరు త్వరగా చొరదు, తోలు ఎండి పగలదు.

మా వర్ధన్నపేటకు దగ్గరలోనే ఐనవోలు ఉంది. సంక్రాంతికి అక్కడ జరిగే మల్లన్న జాతరకు వెళితే గొల్లకురుమల భుజాల మీద నల్లని గొంగళ్ళు కనిపిస్తాయి. దక్కని గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గుడ్డ అది. వాన వస్తే గొర్రెలకాపరి దానిని కొప్పెర మడిచి తల మీదుగా వేసుకుంటాడు. ఉన్నిపోగు పైభాగం నీటిబొట్టును జార్చివేస్తుంది. అదే పోగు లోపలి భాగం ఆవిరిని పీల్చుకుంటుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు! కాబట్టి మన పొడుపుకథకు గొంగడి సగం జవాబు అన్నమాట. పూర్తి జవాబు ఎందుకు కాదంటే, కుండపోత వానలో అదీ చివరకు నానుతుంది. నానిందంటే మోయలేనంత బరువు.

రబ్బరు సంగతి చూద్దాం. దక్షిణ అమెరికాలోని అడవి జనం ఎంతో కాలం కిందటనే రబ్బరుచెట్టు పాలతో నీళ్ళు చొరని పాదరక్షలు చేసుకునేవారు. ఆ రబ్బరును తెచ్చి ఉత్తర అమెరికాలో వ్యాపారులు బూట్లు చేసి అమ్మారు. కాని 1830 ప్రాంతాలలో ఆ బూట్లు వేసవిలో కరిగి జిగురయ్యేవి, చలికాలంలో బిరుసెక్కి పగిలేవి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఈ రెండు దోషాలూ పోతాయని కనిపెట్టాడు. అప్పటి నుంచి రబ్బరు బూటులోకి నీరు చొరటం ఆగింది. ఆగిందిగాని, కాలి చెమట బయటికి పోయే దారి కూడా మూసుకుపోయింది. మన రెండు పాదాలలో కలిపి సుమారు రెండున్నర లక్షల చెమట గ్రంథులు ఉన్నాయని అంచనా. వాటి చెమట అంతా ఎక్కడికి పోవాలి? కాబట్టి రబ్బరు బూటు కూడా సగం జవాబే. గొంగడిది ఒక సగం, దీనిది ఇంకొక సగం.

ఒక చిన్న ప్రయోగం

ఇది మీ ఇంట్లో చేసి చూడండి. అమ్మనో నాన్ననో పక్కన ఉండమనండి. రెండు గ్లాసులలో సగం దాకా గోరువెచ్చని నీళ్ళు పోయండి. ఒకదాని మూతికి ప్లాస్టిక్ కాగితం బిగించి రబ్బరు బాండు వెయ్యండి. రెండవదానికి పలచని నూలుగుడ్డ బిగించండి. అరగంట ఆగి చూడండి. ప్లాస్టిక్ అడుగున నీటిబొట్లు వరుసకట్టి వేలాడుతూ ఉంటాయి. గుడ్డ మీదుగా ఆవిరి గాలిలోకి పోతూనే ఉంటుంది. ఇప్పుడు రెండింటి మీదా ఒక చెంచాడు నీళ్ళు పోయండి. ప్లాస్టిక్ మీద నీరు నిలుస్తుంది, గుడ్డ నుంచి గ్లాసులోకి దిగుతుంది.

చూశారా? ఒకటి నీటిని ఆపింది, ఆవిరినీ ఆపింది. రెండవది ఆవిరిని వదిలింది, నీటినీ వదిలింది. నీటిని ఆపి ఆవిరిని వదిలే మూడవది కావాలి. దానికోసం మనుషులు చాలాకాలం వెతికారు.

తలుపు దొరికింది

మీ ఇంట్లో అంటుకోని దోసెపెనం ఉంటే దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి. తామరాకు మీది నీటిబొట్టు మాదిరిగా అవి గుండ్రంగా దొర్లుతాయి. ఆ పెనానికి పూసిన పదార్థం 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికింది. దానికి నీరంటే గిట్టదు.

1969లో బాబ్ గోర్ అనే ఆయన ఆ పదార్థంతో చేసిన కడ్డీలను వేడిచేసి సాగదీయాలని చూశాడు. ఎంత నెమ్మదిగా లాగినా తెగిపోతున్నాయి. చివరకు విసుగుపుట్టి ఒకదాన్ని ఒక్క ఊపున గట్టిగా లాగాడు. అది తెగలేదు సరికదా, చేతులు బారచాచినంత పొడుగు సాగింది! సాగిన పదార్థంలో ఎక్కువ భాగం గాలే. కంటికి కనపడని సన్నని రంధ్రాలు దాని నిండా ఏర్పడ్డాయి. ఒక చదరపు అంగుళంలో 900 కోట్ల రంధ్రాలు ఉంటాయని తయారుచేసేవారు చెపుతారు. ఒక్కొక్క రంధ్రం నీటిబొట్టు కంటె 20,000 రెట్లు చిన్నదట, నీటి ఆవిరి అణువు కంటె 700 రెట్లు పెద్దదట. గోర్‌టెక్స్ అని మీరు విన్న పేరు ఈ పొరదే.

"బొట్టు అయినా అణువులతో చేసిందే కదా! అణువు పట్టే రంధ్రంలో బొట్టు ఎందుకు దూరదు?" అని మీలో తెలివైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. మన బడి తలుపును ఊహించుకోండి. ముప్పైమంది పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని, వదలకుండా, అడ్డంగా బారుకట్టి వచ్చారనుకోండి. ఒక్కరు పట్టే తలుపులో వారు దూరగలరా? లేరు. చేతులు వదిలి ఒక్కొక్కరుగా వస్తే అందరూ పోతారు. నీటిబొట్టులో అణువులు ఒకదాన్నొకటి అట్లా పట్టుకుని ఉంటాయి. ఆవిరిలో ఏ అణువుకు ఆ అణువు విడిగా తిరుగుతుంది. పైగా ఆ తలుపు నీరంటే గిట్టని పదార్థంతో చేసింది. కనుక బొట్టు బయట ఆగుతుంది, ఆవిరి దాటిపోతుంది.

బూటు మీది గుడ్డకూ, లోపలి మెత్తని అస్తరుకూ మధ్య ఈ పొరను అంటించి కుడితే నీళ్ళు చొరని బూటు తయారు. ఫ్లోరిన్ కలిసిన ఇటువంటి పదార్థాలు, వాటి తయారీలో వాడే రసాయనాలు మట్టిలోనూ నీటిలోనూ ఎన్నటికీ నశించకుండా పోగుపడుతున్నవని తెలిసిన తరువాత, ఆ సంస్థ 2022 నుంచి పాలిథిలీన్‌తో చేసిన వేరే పొరను కూడా వాడటం మొదలుపెట్టింది. పదార్థం మారినా సూత్రం ఒక్కటే.

మా ఊరి రోడ్డు మీద

ఇంతవరకు కథ బాగానే ఉంది. ఇప్పుడు చిక్కు వస్తుంది.

వరంగల్లు నుంచి ఖమ్మం వెళ్ళే పెద్ద రోడ్డు మా వర్ధన్నపేట మీదుగా పోతుంది. తెల్లవారక ముందే ఆ రోడ్డు అంచున పరుగెత్తే యువకులు, యువతులు కనిపిస్తారు. 2022లో పోలీసు కానిస్టేబుళ్ళ నియామకానికి ప్రకటన వెలువడినప్పుడు ఇంకా ఎక్కువమంది కనిపించారు. ఆ పరీక్షలో మగవారు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లలో పరుగెత్తాలి. ఆడవారు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లలో పరుగెత్తాలి. ఒక రైతుబిడ్డకు అది చిన్న విషయం కాదు. ఇంట్లో మొదటి నెలజీతం దాని మీద ఆధారపడి ఉంటుంది.

అట్లా పరుగెత్తేవారిలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఉన్నది. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న ఆమె మేనమామ ప్రేమతో ఒక జత నీళ్ళు చొరని బూట్లు పంపించాడు. ఆయన అక్కడ చలికాలంలో అవే తొడుక్కుని పరుగెత్తుతాడట. ఆ ఏడు జూలైలో వానలు విడవకుండా పట్టాయి. అమ్మాయి ఆ బూట్లతో పదిరోజులు పరుగెత్తింది. పదకొండవ రోజున మడమల మీద బొబ్బలు పగిలి, వేళ్ళ సందులు ఒరిసి, కుంటుతూ తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది.

"సారూ, ఇండ్లకు నీళ్ళు పోవని మా తమ్ముడు చెప్పిండు. మరి గింత తడి యాడికెల్లి వచ్చింది? బూట్లు మంచియి కాదా?" అని ఆ తల్లి అడిగింది.

నేను ఒక బూటు తీసుకుని అందులో ఒక గ్లాసు నీళ్ళు పోశాను. బూటును ఎత్తి పట్టుకుని ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్క కింద పడలేదు. తరువాత ఆమె పాత బూటు తెప్పించాను. పైన వలగుడ్డ ఉన్న మామూలు బూటు. అందులోనూ ఒక గ్లాసు పోశాను. చూస్తుండగానే నీళ్ళు వలగుడ్డలోంచి బొటబొటా కారిపోయాయి.

"చూశావా అమ్మా! బూట్లు మంచివే. లోపలికి రానివ్వని గోడ బయటికీ పోనివ్వదు" అన్నాను.

అసలు జరిగింది ఇదీ. బూటుకు పొర ఉన్నది పాదం చుట్టూ. కాలు దూర్చే నోరు ఎట్లాగూ తెరిచే ఉంటుంది. గట్టివానలో మోకాలి నుంచి పిక్కల మీదుగా జారిన నీరు మేజోటిని పట్టుకుని ఆ నోట్లోకే దిగుతుంది. గుంతలో కాలు పడితే పైనుంచే పోస్తుంది. ఒకసారి చేరిందా, ఇక బూటు కాదు, చెంబు! రాత్రి ఆరవేసినా మూసిన గోడల మధ్య తడి తెల్లవారేసరికి ఆరదు. మరునాడు ఉదయం ఆ తడి బూటులోనే మళ్ళీ కాలు పెట్టాలి.

వరండా నిండితే?

"వాన లేని రోజున కూడా లోపల చెమ్మగానే ఉన్నది సార్! ఆవిరి పోయే తలుపు ఉన్నదంటిరి గదా?" అన్నది అమ్మాయి.

తలుపు ఉన్నది. కాని తలుపు ఎవరినీ నెట్టదు. మళ్ళీ మన బడినే తలుచుకోండి. తరగతి గది కిక్కిరిసి ఉంది, వరండా ఖాళీగా ఉంది. తలుపు తీయగానే పిల్లలు బిలబిలమంటూ బయటికి పోతారు. వరండా కూడా దాదాపు అంత కిక్కిరిసి ఉంటే? తలుపు బార్లా తెరిచినా కదిలేవారు కొద్దిమందే. ఆవిరి కూడా అంతే. లోపల ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే అది బయటికి సాగుతుంది.

లెక్క వేసి చూద్దాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల పెట్టెడు గాలిని తీసుకోండి. 35 డిగ్రీల వేడిలో ఆ గాలి సుమారు 40 గ్రాముల ఆవిరిని పట్టగలదు. 28 డిగ్రీలలో సుమారు 27 గ్రాములు. 2 డిగ్రీల చలిలో సుమారు ఐదున్నర గ్రాములే! చల్లని గాలి చిన్న వరండా అన్నమాట, కాని అది పాదం వేడికి తగలగానే పెద్దదవుతుంది.

చెమట పట్టిన బూటు లోపల 35 డిగ్రీలు, 40 గ్రాముల ఆవిరి అనుకుందాం. న్యూజెర్సీలో చలికాలపు చిరుజల్లులో బయట 2 డిగ్రీలు, గాలి నూటికి తొంభై పాళ్ళు ఆవిరితో నిండి ఉన్నా అందులో 5 గ్రాములే. లోపలికీ బయటికీ తేడా 35 గ్రాములు. మన వర్ధన్నపేటలో జూలై ముసురులో బయట 28 డిగ్రీలు, అదే తొంభై పాళ్ళ తేమ అంటే సుమారు 24 గ్రాములు. తేడా 16 గ్రాములు మాత్రమే. ఆవిరిని బయటికి నడిపించే బలం అక్కడ ఉన్నదానిలో సగం కూడా ఇక్కడ లేదు. అందులోనూ ఉక్కపోత వల్ల మన కాలికి చెమట ఎక్కువ! పనికి సగం మంది కూలీలు, మొయ్యవలసింది రెట్టింపు బరువు. బూటు మాత్రం ఏం చేస్తుంది?

ఇంకొక సంగతి. బూటు పైగుడ్డకు నీటిని జార్చే పూత ఉంటుంది. కొన్నాళ్ళు వాడితే అది అరిగిపోతుంది. అప్పుడు పైగుడ్డ నానుతుంది. లోపలి పొర నీటిని ఆపుతూనే ఉన్నా, ఆవిరి పోయే దారికి తడిగుడ్డ అడ్డం పడుతుంది. మా గులకరాళ్ళ దారుల మట్టి ఆ పూతను త్వరగానే అరగదీస్తుంది.

కాబట్టి మేనమామ చెప్పింది అబద్ధం కాదు. మేనకోడలి కాళ్ళు చెప్పిందీ అబద్ధం కాదు. అక్కడ చలీ తడీ కలిసి వస్తాయి. ఇక్కడ వానాకాలంలో చలి ఉండదు, చలికాలంలో వాన ఉండదు. తుపాను పట్టిన నాలుగు రోజుల మాట వేరు. మా వైపు ఏడాదికి కురిసే సుమారు 1000 మిల్లీమీటర్ల వానలో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల, వెచ్చగా ఉన్నప్పుడే కురుస్తుంది. వెచ్చని వానలో తడిసిన కాలికి చలి భయం లేదు. తడి త్వరగా పోవటమే దానికి కావలసింది.

అమ్మాయి పుండ్లు మానేదాకా ఆగి, వలగుడ్డ బూట్లతోనే సాధన సాగించింది. డిసెంబరులో జరిగిన 800 మీటర్ల పరుగును గడువు లోపలే ముగించింది. అది బూటు గొప్ప అనుకోకండి. రోజూ నాలుగున్నరకు లేచిన ఆ పిల్ల గొప్ప. బూటు చేసిందల్లా అడ్డం రాకపోవటమే. ఇక ఆ కొత్త జత? ఆమె పెద్దమ్మ కూతురు చదువు కోసం కెనడా వెళుతూ తీసుకుపోయింది. అక్కడి మంచులో అవి తమ పని తాము చేస్తున్నాయట.

ఎక్కడి బూటు అక్కడికే

పరుగులో పేరు పొందినవారిని చూసినా ఈ సంగతే తెలుస్తుంది. మాకు పక్కనే ఉన్న పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామం నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యపతకం గెలిచింది. ఆ పోటీలు జరిగే రబ్బరు బాట మీద అడుగున మేకులున్న తేలికైన బూట్లు తొడుగుతారు. అవే మేకుల బూట్లతో మన తారురోడ్డు మీద పరుగెత్తితే జారి పడటం ఖాయం.

ఇథియోపియా వీరుడు అబేబే బికిలా సంగతి మీరు వినే ఉంటారు. 1960లో రోము నగరంలో వట్టి కాళ్ళతో మారథాన్ పరుగెత్తి స్వర్ణపతకం గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని పరుగెత్తి మళ్ళీ స్వర్ణమే గెలిచాడు. అప్పటికి తగినది అప్పుడు ఎంచుకున్నాడు. అంతే.

కొనేటప్పుడూ, వాడేటప్పుడూ

ఇక మీకూ, మీ అమ్మానాన్నలకూ కొన్ని మాటలు.

మన ప్రాంతంలో వానాకాలం పరుగుకు వలగుడ్డ బూటు మంచిది. నీరు పోతుంది, త్వరగా ఆరుతుంది, వెల తక్కువ. ఉన్న డబ్బుతో ఒక ఖరీదైన జత కంటె రెండు మామూలు జతలు మేలు. ఒకటి ఆరుతూ ఉంటే రెండవది తొడగవచ్చు. అన్నా అక్కా విదేశంలో చల్లని దేశానికి వెళుతుంటే నీళ్ళు చొరని బూటు కొనండి. ఆదిలాబాదు వైపు డిసెంబరు చలిలోనో, లంబసింగి పొగమంచులోనో తడి గడ్డి మీద నడిచేవారికి కూడా అది పనికివస్తుంది.

బూటును తిప్పి అడుగు చూడండి. వాన రోజున జారకుండా నిలబెట్టేది పైగుడ్డ కాదు, అడుగు రబ్బరు. గాళ్ళు అరిగి నున్నబడితే, పైన ఎంత బాగున్నా దాన్ని తడి రోడ్డు మీద వాడకండి. రోడ్డు మీది తెల్లగీతలు, తడిసిన షాబాదు బండలు బాగా జారుతాయి. తొలివాన పడిన మొదటి నిమిషాలలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి ఇంకా జారుడు.

నూలు మేజోళ్ళు నీటిని పీల్చుకుని వదలవు. పలచని ఉన్నివో, ఆటలకోసం నేసిన నైలాన్ రకానివో వాడండి. పరుగు కాగానే విప్పి, వేళ్ళ సందులు తుడుచుకుని పొడి మేజోళ్ళు తొడగండి. కందకాలలోని సైనికులకు చెప్పిన మాట ఇదే కదా!

తడిసిన బూటును పొయ్యి దగ్గర పెట్టకండి. వేడికి జిగురు విడుతుంది. తాళ్ళు విప్పి, లోపలి అట్టను బయటికి తీసి, పాత వార్తాపత్రికలు ఉండచుట్టి కూరండి. రెండు గంటలకు ఒకసారి కాగితం మార్చండి. ఫ్యాను గాలిలో ఉంచండి.

కాలికి పుండు ఉంటే నిలవనీటిలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల పుండులోంచి జ్వరం తెచ్చే క్రిములు ఎక్కుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. రోడ్డు మీదుగా వాగు పొర్లుతూ ఉంటే ఏ బూటు ఉన్నా దాటకండి. పరుగున పారే నీరు జానెడు కంటె తక్కువ లోతున్నా పెద్దమనిషిని పడదోయగలదు. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదయింది. అటువంటి వానకు బూటు జవాబు కాదు, ఇల్లే జవాబు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు కూడా అంతే. ఒక పూట పరుగు మానితే పరీక్ష పోదు.

చివరగా మీకొక పని. మీ బూటు ఒకదాన్ని కిరాణా కొట్టులో తూయించండి. బకెట్టు నీళ్ళలో ఐదు నిమిషాలు ముంచి, నీరు కారనిచ్చి, మళ్ళీ తూయించండి. గంట గంటకూ తూయించి బరువులు వరుసగా రాయండి. బూటు బరువు వంద గ్రాములు పెరిగితే పరుగుకు పట్టే శక్తి సుమారు నూటికి ఒక పాలు పెరుగుతుంది. మీ బూటు ఎన్ని గ్రాముల నీరు మోస్తున్నదో, ఎన్ని గంటలకు వదులుతున్నదో మీకే తెలుస్తుంది. ఆ కాగితం చేత పట్టుకుని దుకాణానికి వెళ్ళండి. అమ్మేవాడు అడిగే ప్రశ్నల కంటె మీరు అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఉంటాయి.